రంగునీళ్ళ కోర్టు

పోయిన నెల బెంగళూరులో మా చిన్న కూతురింట్లో ఉన్నప్పుడు, మనవరాలు నన్నొక సాయంత్రం వాళ్ళ పేటలో కొత్తగా కట్టిన ఆటల భవనానికి తీసుకెళ్ళింది. బయట పెద్ద పార్కు. నడిచేవాళ్ళకు ఇటుకరంగు బాట, దాని పక్కన చెట్ల కింద వ్యాయామం చేసుకునే ఇనప యంత్రాలు. నా వయసు ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వాటి మీద నిలబడి గాల్లో నడుస్తున్నారు. లోపల దీపాల వెలుగులో వరసగా షటిల్ కోర్టులు. మనవరాలు ఫోనులోనే ఒక కోర్టు ముందుగా తీసి పెట్టుకుందట. వేళకు తలుపు తెరిచారు. ఆమె స్నేహితురాళ్ళు బూట్ల దారాలు బిగించుకుని లోపలికి ఉరికారు. "అవ్వా, నువ్వా బెంచీ మీద కూర్చో. విసుగొస్తే చెప్పు" అంది. నాకు విసుగు రాలేదు. ఒక పిల్ల వెనక్కి వంగి కొట్టిన దెబ్బకు నా కుడి మణికట్టు దానంతటదే తిరిగింది. అది మనవరాలి కంట పడింది. "ఏమవ్వా, నువ్వూ ఆడేదానివా?" అని నవ్వుతూ అడిగింది. ఆడేదాన్నన్నాను. నమ్మలేదు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో మొదలుపెట్టిన కథ, అన్నాలు తిని చేతులు కడుక్కున్నా పూర్తి కాలేదు. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. పొద్దున పూట ఆ వీధి మనుషులది కాదు, పడుగులది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గుంజలు నిలిపి, వాటి మీద పట్టు పోగులను బారుగా సాగదీసి, తెగిన చోటల్లా అతుకుతూ నాయనావాళ్ళు అటూ ఇటూ తిరిగేవారు. ఆ వేళ పిల్లలు గడప దాటితే వీపు పగిలేది. కోడి కూడా గోడవారగా నడిచేదని నాయన తల్లి, మా జేజి అనేది. ఎండ ముదిరేలోపు పడుగు చుట్టుకుని ఇళ్ళలోకి పోయేవారు. ఇక రోజంతా మగ్గం చప్పుడే. పట్టు ఉడకబెట్టే సబ్బునీళ్ళ వాసన, దాని మీద రంగుల పుల్లటి ఘాటు, మధ్యాహ్నం అయ్యేసరికి రాగిసంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి ఊరుబిండి వాసన. ఈ మూడూ కలిస్తేనే నాకు మా ఇల్లు గుర్తొస్తుంది. నాయన మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చుంటే మళ్ళీ సంగటి వేళకే పైకి లేచేవాడు. అమ్మ రాట్నం ముందు చాప మీద కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టేది. లేవాలంటే ఎడమ చెయ్యి గోడకు ఆనించి, కుడి చెయ్యి మోకాలి మీద మోపి, "రామా" అనుకుంటూ లేచేది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు. మా వీధిలో ఆడవాళ్ళందరూ అట్లాగే లేచేవారు. ఆడదాని మోకాళ్ళు అట్లాగే ఉంటాయని నేను చాలాకాలం అనుకున్నాను.

మగవాళ్ళకు మాత్రం పొద్దుపోయే చోట్లుండేవి. కుర్రాళ్ళకు హైస్కూలు మైదానంలో వాలీబాల్, ఇంకొందరికి గరిడీలో సాము, ఉద్యోగస్తులకు రైలుకట్ట అవతల క్లబ్బు. ఆ క్లబ్బులో టెన్నిసు కోర్టు, పేకాట బల్లలు, రేడియో ఉండేవని మా అన్న చెప్పేవాడు. వాడూ కాంపౌండు గోడ మీది నుంచి చూసినవాడే. ఆడవాళ్ళు ఇల్లు దాటాలంటే బిందె ఉండాలి, లేదంటే చేతిలో టెంకాయ ఉండాలి. ఊరకే నడవడానికి బయటికి వచ్చిన ఆడదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు.

అలాంటి వీధి చివర గదిలోకి మార్తమ్మ టీచరు బాడుగకు వచ్చింది. మా బాలికల బడికి కొత్త డ్రిల్లు టీచరు. మద్రాసులో వ్యాయామవిద్య చదువుకుని వచ్చింది. తెల్ల చీర, దాని కింద తెల్ల గుడ్డబూట్లు. ఆ బూట్లను చూడ్డానికే మొదటివారం వీధంతా గడపల్లో నిలబడింది. "ఆడదానికి బూట్లేందే? ఎద్దుకు నాడాలు కొట్టినట్ల" అని మా జేజి ఆమెకు వినబడేటట్లే అనింది. మార్తమ్మ టీచరు ఆగి, "రాళ్ళల్లో నడిచేదానికి బాగుంటాయి జేజీ. మీరూ ఒకసారి ఏసుకోండి" అనింది. జేజి గడప వదిలి లోపలికి పోయింది. అలా జరగడం నేను చూసింది అదే మొదలు.

బడిలో మూలపడిన బాల్ బ్యాడ్మింటన్ రాకెట్లను అడిగి తెచ్చుకుని, సాయంత్రాలు మా వీధిలో ఆడించడం మొదలుపెట్టింది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మధ్యన వల, ఊలుతో చుట్టిన పచ్చటి బంతి. బంతి నేలకు తగలకూడదు. మొదట నాలాంటి బడిపిల్లలమే చేరాము. రెండో వారం మా వదిన గంగమ్మ వచ్చింది. మా అన్న పెండ్లాం. వాళ్ళది కుందుర్పి పక్కన పల్లె. మాకు దూరపు బంధువులే గాని మగ్గాలు వదిలేసి చేన్లలో బతికేవాళ్ళు. చిన్నప్పుడు జొన్నచేన్లో మంచె ఎక్కి వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలిన చెయ్యి ఆమెది. మా ఇంటికొచ్చాక ఆ చెయ్యి కండెలు చుడుతూ ఉండింది. "ఒక దెబ్బ కొట్టు గంగమ్మా" అని టీచరు రాకెట్టు ఇస్తే, చీర గోచి బిగించి కొట్టింది. బంతి మూడిళ్ళ మీదుగా పోయి ఎవరి దొడ్లోనో పడింది. అందరం నోళ్ళు తెరిచి చూశాము. వదిన మాత్రం తన చెయ్యి వైపు చూసుకుంది. చాన్నాళ్ళ తర్వాత పుట్టింటివాళ్ళు ఎదురైనట్టుంది ఆమె ముఖం.

జేజి ఊరుకుంటుందా? "పెండ్లయిన ఆడది గోచి పెట్టి వీధిలో ఎగిరేదేమ్మే? మానం మర్యాద ల్యాదా?" అని గడపలో నిలబడి అరిచింది. వదిన రాకెట్టు దించకుండానే చెప్పింది. "చేన్లో కలుపు తీసేటప్పుడు గోచే పెడతాము గదా జేజీ. అప్పుడెవురూ అడగల్యా. కష్టం చేసేటప్పుడు పనికొచ్చే గోచి, నగుతా ఆడేటప్పుడు పనికిరాదా?"

బంతి త్వరలోనే తుమ్మముల్లు తగిలి చినిగింది. ఊలు మా ఊళ్ళో యాడ దొరుకుతుంది? ఇళ్ళలో రాలిన వ్యర్థపు పట్టు పోగులను ఉండగా చుట్టి, పైన గట్టిగా కుట్టుకున్నాము. పట్టు బంతి ఊలుబంతికంటే బరువు, నున్నగా జారేది, కొడితే వడిసెల రాయిలా వచ్చేది. దానితోనే మా కళ్ళు, కాళ్ళు పదునెక్కాయి.

ఒక సాయంత్రం అనర్థం జరిగింది. పక్కింటి సంజీవప్ప మామ పెండ్లి చీరల తొందరలో ఉండి, ఆ పూట కూడా పడుగు వీధిలోనే ఉంచాడు. పైకి లేచిన బంతిని చూస్తూ వెనక్కి వెనక్కి పోయిన వదిన, ఆ పడుగు మీద వెల్లకిల పడింది. గుంజ విరిగింది. పోగులు పుటపుటమని తెగిన శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సంజీవప్ప మామ తిట్టలేదు. అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. పెద్దమనుషులు చేరి, ఇక ఈ వీధిలో ఆట బంద్ అన్నారు. "కోడలు ఆటాడితే కొంపలు కూలుతాయి" అంది జేజి. మర్నాడంతా నాయనా, అన్నా సంజీవప్ప మామ ఇంటికి పోయి తెగిన పోగులు ఒక్కొక్కటే అతికారు. వదిన వాళ్ళ వెనకే నిలబడి పోగులు అందించింది.  సాయంత్రానికి చివరి ముడి వేసి నాయన తలెత్తాడు. ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. "అమ్మా గంగా, ఆటలో తప్పు ల్యాదు. జాగాలో ఉండాది తప్పు. మీరు వేరే జాగా చూసుకోండి" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని మేము జాగా వెతికాము. రైలుకట్టకూ, రంగుల నారప్ప అద్దకం దొడ్డికీ మధ్యన పోరంబోకు నేల ఉండేది. తుమ్మకంప, పల్లేరుకాయలు, పగిలిన సీసాలు. ఎవరికీ అక్కర్లేని నేల. సాయంత్రం పూట కంప నరికి, రాళ్ళేరి, గుంతలు పూడ్చాము. మొదట మేము నలుగురైదుగురమే. మోకాళ్ళ నొప్పులన్న ఆడవాళ్ళు తర్వాత ఒక్కొక్కరే చేటలు తీసుకుని వచ్చారు. రోడ్డు పనివాళ్ళు వదిలేసిపోయిన రాతి గుండుకు తాడు కట్టి లాగాము. ఎంత లాగినా నేల కుదరలేదు. గరుసు మట్టి, అడుగు వేస్తే దుమ్ము లేచేది. నీళ్ళు చల్లి గుండు దొర్లిస్తే తప్ప గట్టిపడదంది టీచరు.

అక్కడే పని ఆగిపోయింది. వరసగా వానలు తప్పిన కాలం. బావిలో నీళ్ళు ఊరేదాకా బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్ళం. "తాగే నీళ్ళు నేలన పోస్తే పాపం తగులుతుంది టీచరమ్మా. నేను పోయను" అంది వదిన. టీచరు గుండు తాడు విప్పేసింది. ఆ రాత్రి సంగటి ముద్దలు వేస్తూ అమ్మ అంది: "నారప్ప రోజూ బానల కొద్దీ నీళ్ళు పారబోస్తాడు గదా. రంగుంటే ఏమి, అది తడి కాదా?"

మరుసటి రోజే అందరం నారప్ప దగ్గరికి పోయాము. మోచేతుల దాకా నీలం రంగు పట్టిన మనిషి. విషయం విని పడీపడీ నవ్వాడు. "ఎత్తకపోండమ్మా! నాకు కాలవ తవ్వే పని తప్పుతుంది. ఎర్రది కావాల్నా, పచ్చది కావాల్నా?" అన్నాడు. అద్దకం అయిపోయి పారబోసే నీళ్ళను పాత కుండలతో మోసి నేల మీద చల్లాము. పెండ్లి చీరలు అద్దిన రోజు ఎర్రనీళ్ళు, ఇంకో రోజు నీలం, మరో రోజు వంగపండు రంగు. గుండు లాగే కొద్దీ నేల బిగిసింది. చివరికి ఆ కోర్టు ఎట్లా తయారైందంటే, ఎర్ర మరక మీద నీలి మరక, దాని పక్కన పచ్చ, ఎవరో పెద్ద చీర పరిచి మరిచిపోయినట్టు. మా పాదాలకు కూడా ఆ రంగు పట్టేది. ఎర్రటి కాళ్ళతో ఇంట్లోకి వస్తే, "ఎవురి పెండ్లికి పెట్టుకున్నారమ్మే పారాణి?" అని జేజి వెటకారం చేసేది. పాత పడుగు గుంజలు వల కట్టే స్తంభాలయ్యాయి. వలను నాయన అల్లి ఇచ్చాడు. సంజీవప్ప మామ తన కూతుళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి, "వీండ్లను గూడా చేర్చుకోండి" అని ఒప్పజెప్పి పోయాడు. ఆ రోజు వదిన కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మేము చదును చేశాకే ఆ నేల క్లబ్బువాళ్ళ కళ్ళకు కనిపించింది. క్లబ్బు సెక్రటరీ సైకిలు మీద వచ్చి, దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి మాట్లాడాడు. "ఆఫీసర్లకు ఇంకొక టెన్నిసు కోర్టు కావాల. ఈ జాగా మాకియ్యమని మున్సిపల్ చైర్మన్ గారిని అడిగినాము. మీరు ఆడింది చాల్లే అమ్మా."

"మరి మేము యాడ ఆడుకునేది?" అంది మార్తమ్మ టీచరు.

"కూచోని కండెలు చుట్టేటోళ్ళకు ఆటలేందమ్మా? ఆడోళ్ళు ఇంట్లో ఆడుకోవచ్చు" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

మేము అమ్మలక్కలమంతా ఆ మరకల నేల మీదే కూలబడ్డాము. ఎవరిని అడగాలో, ఎట్లా అడగాలో మాకెవరికీ తెలియదు. అయితే ఆ నెలలోనే క్లబ్బు వార్షికోత్సవం వచ్చింది. కొత్తదనం కోసం బెంగళూరు నుంచి ఆడవాళ్ళ బాల్ బ్యాడ్మింటన్ జట్టును పిలిచారు. వాళ్ళతో ఆడడానికి ఒప్పుకున్న అనంతపురం జట్టు ఆఖరు నిమిషంలో రాలేమంది. బెంగళూరువాళ్ళేమో బయలుదేరారు. సెక్రటరీ తల పట్టుకుని ఉండగా మార్తమ్మ టీచరు పోయి, మావాళ్ళు ఆడతారని చెప్పింది. ఆయన నవ్వాడట. "నలుగుర్లో పరువు పోతే నా పూచీ ల్యాదు" అన్నాడట. గతి లేక ఒప్పుకున్నాడు.

ఇంట్లో గొడవ జరిగింది. వీధిలో ఆడడం వేరు, ఊరంతా చూస్తుండగా ఆడడం వేరు. స్నేహితులు ఎగతాళి చేస్తారని అన్న ముఖం మాడ్చుకున్నాడు. జేజి అన్నం ముట్టనంది. వదిన ఎవరితోనూ వాదించలేదు. నాయన ముందుకు వచ్చి నిలబడి, "మామా, నువ్వు వద్దంటే మానుకుంటా. ఇంకెవురు వద్దన్నా మానుకోను" అంది. నాయన మగ్గం ఆపాడు. అంచు దగ్గర తెగిన పోగొకటి ముడి వేశాడు. "గెలిచినా ఓడినా నా కోడలివే. పో" అన్నాడు. అమ్మ రాట్నం పక్కకు తోసి, "నేనూ వస్తా, చూసేకి" అంది.

హైస్కూలు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. మా జట్టులో మార్తమ్మ టీచరు, వదిన, సంజీవప్ప మామ కూతుళ్ళిద్దరు, నేను. బెంగళూరు పిల్లలు తెల్లటి దుస్తుల్లో, బూట్లతో, కొత్త రాకెట్లతో దిగారు. మేము ఓణీలు, చీర కొంగులు నడుముకు చుట్టుకుని, రంగు మరకల కాళ్ళతో దిగాము. మొదటి గేము చూస్తూ చూస్తూనే పోయింది. వాళ్ళు తెచ్చిన ఊలుబంతి మాకు అలవాటు లేదు. అది తేలుతూ నింపాదిగా వస్తుంటే, పట్టు బంతికి అలవాటుపడిన మా చేతులు ముందే లేచిపోయేవి. జనంలో ఎవరో "రాట్నం తిప్పుకోండమ్మా, పోండి" అని కేకేశాడు. అన్న ఎక్కడున్నాడో అని నేను వెతికాను. వాడు తలవంచుకుని ఉన్నాడు.

గేముకూ గేముకూ మధ్య మార్తమ్మ టీచరు మమ్మల్ని దగ్గరికి పిలిచి ఒకే మాట చెప్పింది. "బంతి మెల్లగా వస్తాంది అంటే మనకు టైము ఎక్కువుండాది అని అర్థం. తొందరపడాకండి." అంతే. నిజంగానే, ఆగి చూస్తే ఆ బంతి ఎక్కడ పడబోతుందో గాల్లో ఉండగానే తెలిసిపోతోంది. రెండో గేములో మేము ఆగడం నేర్చుకున్నాము. వదిన చెయ్యి విప్పింది. వడిసెల తిప్పినట్టు భుజం వెనక్కి తీసి కొడితే, ఆ బంతిని తీయడానికి అవతలివాళ్ళు గీత అవతలికి జరిగేవారు. వాళ్ళు జరగ్గానే నేను వల పక్కన మెత్తగా దించేదాన్ని. రెండో గేము మాది. మైదానం ఒక్కసారిగా లేచింది.

మూడో గేములో ఒక్కో పాయింటుకూ ప్రాణం పోయి వచ్చింది. ఒకసారి మా బంతి గీత మీద పడితే అంపైరు బయట అన్నాడు. అప్పుడు జనంలో నుంచి ఒక గొంతు లేచింది. "కండ్లు యాడ పెట్టుకున్నావప్పా? గీత మీద పడె గదా! మా గంగ కొడితే తప్పు పోతాదా?" చూస్తే మా జేజి. చేతికర్ర ఎత్తి నిలబడింది. మా పరువు పోవడం చూస్తానని వచ్చిన మనిషి! జనం ఘొల్లుమన్నారు. అంపైరు మాత్రం మాట మార్చలేదు. ఆ కోపంతోనో ఏమో, తర్వాతి బంతిని వదిన వెనక్కి పరుగెత్తి, గాల్లోకి లేచి, వాళ్ళ మధ్యలోకి దిగ్గొట్టింది. ఆఖరు పాయింటు నా రాకెట్టు నుంచి పోయింది. ఎట్లా కొట్టానో గుర్తు లేదు. వదిన నన్ను నడుము పట్టి పైకెత్తడం గుర్తుంది. అన్న జనాన్ని తోసుకుని పరుగెత్తుకు రావడం గుర్తుంది.

బెంగళూరు జట్టు నాయకురాలు వచ్చి వదిన అరచెయ్యి తిప్పి, కాయలు కాసిన చోట వేలితో తడిమి, "ఎల్లి కలితిరి అక్కా?" అంది. ఎక్కడ నేర్చుకున్నావక్కా అని. కర్ణాటక సరిహద్దున పెరిగిన కుందుర్పి పిల్లకు కన్నడం కొత్తా? "నమ్మ బీదియల్లే" అంది వదిన, మా వీధిలోనే అని. ఇద్దరూ చేతులు వదలకుండా నవ్వుకున్నారు.

చైర్మన్ గారు మైకు ముందు నిలబడి వెండి కప్పు వదినకు అందించబోయాడు. వదిన అందుకోలేదు. మైకు వైపు ఒక అడుగు జరిగింది.  "సామీ, ఈ గిన్నె మీ దగ్గరే పెట్టుకోండి. రైలుకట్ట పక్కన మేము చేసుకున్న జాగా మాకు ఇడ్సిపెట్టండి. మాకు ఇంకేమీ వద్దు." మైకు ఆ మాటను ఊరంతా మోసింది.  తర్వాత నేతగాళ్ళ వీధి మగవాళ్ళు, ఆట బంద్ అన్న ఆ పెద్దమనుషులే, "ఇయ్యాల! ఇయ్యాల!" అని అరవడం మొదలుపెట్టారు. చైర్మన్ సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ నేల చూపులు చూశాడు. "గిన్నె నీదే తల్లీ, జాగా నీదే. అది ఆడోళ్ళ జాగా అని బోర్డు గూడా కొట్టిస్తా" అన్నాడు చైర్మన్. కొట్టించాడు కూడా.

పాతకాలం బంగారమని నేను అనను. ఆటకు ముందు ఇంట్లో అంతమందిని ఒప్పించుకున్న కాలాన్ని బంగారమని ఎట్లా అంటాను? నా మనవరాలు ఎవరినీ అడగకుండా బూట్లు వేసుకుని పోతుంది. పోనీ, హాయిగా పోనీ. మార్తమ్మ టీచరు తర్వాత బదిలీ మీద పెనుకొండ వైపు వెళ్ళి అక్కడా ఆడపిల్లల జట్టు కట్టిందని విన్నాము. వదిన ముసలితనంలోనూ నిటారుగా నడిచింది, గోడ పట్టుకుని లేచిన రోజు లేదు. ఆ జాగాలో ఇప్పుడు పిల్లల ఉయ్యాలలు, ఆడవాళ్ళు నడిచే బాట ఉన్నాయి. పార్కుకు వచ్చేవాళ్ళలో ఒక్కరికీ ఇదంతా తెలియదు. తెలియకపోయినా నడుస్తున్నారు గదా, నాకది చాలు.

అయితే మనవరాలు చివర్న ఒక ప్రశ్న అడిగింది. "అన్నిట్లోకీ నీకు బాగా సంతోషమైన రోజు ఏదవ్వా? గెలిచిన రోజేనా?" కాదన్నాను. ఆ జాగాకు ముళ్ళకంచె వేసి బోర్డు నాటిన సాయంత్రం మా వీధి ఆడవాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. రాకెట్టు పట్టుకోవడం వాళ్ళలో చాలామందికి రాదు. వచ్చినవాళ్ళు ఏం చేయాలో తెలియక కొంగులు కప్పుకుని కంచె వారన నిలబడ్డారు. లోపల మగ పురుగు లేదు. చూసేవాడు లేడు, పిలిచేవాడు లేడు, చేతిలో బిందె లేదు. అమ్మ చెప్పులు విడిచి, ఎర్రా నీలం కలిసిన ఆ నేల మీద కాలు మోపింది. పాదంతో ఒకసారి రుద్ది చూసింది. తర్వాత కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎవరూ ఏమీ అనకముందే, పరుగు తీసింది. మెల్లగా కాదు, కొప్పు ఊడి జుట్టు వీపున కొట్టుకునేంత వేగంగా, ఈ కంచె నుంచి ఆ కంచె దాకా. అక్కడ కంచె గుంజ పట్టుకుని ఆగి, ఆయాసంతో ఎగిరెగిరిపడే గుండె మీద చెయ్యి పెట్టుకుని, మా వైపు తిరిగి నవ్వింది. "రాండి మే! నిలబడుకున్నారే!" అని కేకేసింది. అంతే, కంచె వారన ఒక్కరూ మిగల్లేదు.